మంచు కోసం మొక్కు

"కంచం తీసెయ్ దుర్గా. ఈగలు ముసురుతున్నాయి."

శ్యామలాంబ వంటింటి గోడకు ఆనుకుని కూర్చుంది. గొంతు నీరసించింది గానీ మాటలో పట్టు సడలలేదు.

కోడలు సాయిదుర్గ కంచం తీయలేదు. ఎదురుగా గచ్చు మీద కూర్చుని, పెరుగన్నం మెత్తగా పిసికి, చిన్న ముద్ద చేసి పట్టుకుంది.

"ఒక్క ముద్ద అత్తయ్యా. నమలక్కర్లేదు. గొంతులోకి జారిపోద్ది."

"మంచు కురవలేదుగా."

"కురుస్తుందిలెండి. ఈలోగా మీరు మంచం పట్టేస్తే ఏం లాభం?"

"కురిశాకే తింటాను. స్వామికి మాటిచ్చాను."

సాయిదుర్గ చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

కోరుకొండ నరసింహస్వామి పేరు చెప్పి శ్యామలాంబ మొక్కుకున్న రోజు ఇంట్లో ఎవరూ దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. చేలో మినుము మీద మంచు కురిసేదాకా అన్నం ముట్టనంది. ధనుర్మాసంలో మంచు కురవకుండా ఉంటుందా, రేపో ఎల్లుండో ఆవిడే తింటుంది అనుకున్నారు. ఆ రేపూ పోయింది, ఎల్లుండీ పోయింది. రోజులు గడుస్తున్నాయి. తెల్లారేసరికి ఆకాశం కడిగిన గిన్నెలా ఉంటోంది. ఊళ్లో జనం ఫ్యాన్లు వేసుకుని పడుకుంటున్నారు. శ్యామలాంబ మజ్జిగ నీళ్ల మీదా కొబ్బరి నీళ్ల మీదా నెట్టుకొస్తోంది. షుగరు మనిషి.

హరిబాబు వీధి గుమ్మంలోంచి లోపలికొచ్చి తల్లిని చూశాడు, ముట్టని కంచాన్ని చూశాడు.

"ఇదేం మొక్కమ్మా? వానకి మొక్కుతారు, పిల్లలకి మొక్కుతారు. మంచుకి మొక్కడం ఎక్కడన్నా ఉందా?"

"వరికి వాన కావాలి. మినుముకి మంచు కావాలి. నాకేం తేడా కనపళ్లేదు."

"కాశ్మీరులోనే ఈ ఏడు మంచు లేదంటమ్మా. టీవీలో చూపిస్తున్నారు. కొండలన్నీ నల్లగా బోసిపోయి ఉన్నాయి. అక్కడి జనం ఒకచోట చేరి మంచు కోసం దేవుణ్ణి అడుగుతున్నారు. అక్కడే లేనిది మనకెక్కణ్ణుంచి వస్తుంది?"

శ్యామలాంబ కళ్లెత్తి కొడుకు వైపు చూసింది.

"అక్కడ కూడా మంచు మీదే పండుతుందా పంట?"

"ఏమో. మంచు కరిగితేనే నీళ్లంట వాళ్లకి."

"పాపం," అంది ఆవిడ. "రేపట్నుంచి వాళ్ల మాట కూడా స్వామికి చెప్పుకుంటాను," అంది.

హరిబాబు చెప్పులు విప్పడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

పెరట్లో తలుపు చప్పుడైంది. జగన్నాథరావు చేని నుంచి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, కండువాతో మొహం తుడుచుకుంటూ గుమ్మం దగ్గరికొచ్చాడు. భార్య మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఆవిడ మళ్లీ కళ్లు మూసుకుంది.

వాళ్లవి కాలువ చివరి భూములు. వరి కోసిన తర్వాత రెండో పంటకి నీరు అందదు. అందుకని కోతకు ముందే, నిలబడి ఉన్న వరిలోనే మినుము చల్లేస్తారు. వరి కోసుకుపోయాక ఆ మొలకకి నేలలో మిగిలిన పదునూ, తెల్లవారుజామున కురిసే మంచూ తప్ప వేరే ఆధారం లేదు. ఒకప్పుడు ఊరి చుట్టూ అదే పైరు. ఇప్పుడు చుట్టూ రొయ్యల చెరువులు. మధ్యలో జగన్నాథరావు చేను ఒక్కటే మిగిలింది.

"నాన్నా, అమ్మకి మీరే చెప్పాలి. మీ మాటైతే వింటుంది," అన్నాడు హరిబాబు.

"ఏం చెప్పమంటావు?"

"మంచు పడినా పడకపోయినా చేనెక్కడికీ పోదని చెప్పండి."

"పోదా?"

హరిబాబు చూపు కంచం మీదికి మళ్లించాడు.

"దసరా నాడు ఇదే ఇంట్లో కూర్చుని నన్ను ఒప్పించావు," అన్నాడు జగన్నాథరావు. "ఈ ఏడు మినుము పండితే చెరువు మాట ఇంక ఎత్తనన్నావు. పండకపోతే పల్లంరాజుగారికి చెరువు తవ్వుకోడానికి కౌలుకి ఇచ్చెయ్యాలన్నావు. సరేనన్నాను. నీకూ నాకూ మధ్య మాట అది. మీ అమ్మ దాని కింద పడి నలిగిపోతుందని నేననుకోలేదు."

"నేననుకున్నానా?"

"అయితే ఒక పని చెయ్. ఆవిడ ముందు కూర్చుని, అమ్మా, మంచు పడకపోయినా సరే, మినుము పోయినా సరే, మనకి చెరువు వద్దు అని చెప్పు. మొక్కు సంగతి స్వామితో నేను మాట్లాడుకుంటాను."

శ్యామలాంబ కళ్లు తెరిచింది. సాయిదుర్గ భర్త వైపు ఆశగా చూసింది. ఒక్క మాట. అనేస్తే అయిపోతుంది. తర్వాత సంగతి తర్వాత.

హరిబాబు పెదవులు కదిలాయి. మాట రాలేదు.

"అనరేం?" అంది సాయిదుర్గ.

"ఇప్పుడనలేను," అన్నాడతను. గిరుక్కున తిరిగి వీధిలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి బండి స్టార్టయిన చప్పుడు వినిపించింది.

"చూశావా అమ్మాయ్?" అన్నాడు జగన్నాథరావు కోడలితో. "తల్లి ప్రాణం కంటే చెరువెక్కువైంది."

సాయిదుర్గకి అది నమ్మబుద్ధి కాలేదు. అతను పట్టుదల మనిషే. కానీ తల్లికి కాస్త జ్వరమొస్తే మంచం పక్కన కుర్చీ వేసుక్కూర్చునే మనిషి. ఇందాక అతని మొహంలో తనకి పంతం కనపడలేదు. భయం కనపడింది.

*

మధ్యాహ్నం ఆర్ఎంపీ డాక్టరు డేనియల్ వచ్చాడు. వేలు గుచ్చి చూసి, మిషను మీద వచ్చిన అంకె ఎవరికీ చెప్పకుండా సంచిలో పెట్టేసుకున్నాడు.

"మాత్ర వేసుకుంటున్నారా అమ్మగారూ?"

"తిండే లేనిదానికి మాత్రెందుకండి?"

"వేసుకుంటే షుగరు పడిపోద్ది, మానేస్తే పెరిగిపోద్ది. రెండూ ప్రమాదమేనండి. మా ఇంట్లో మేమూ ఉపవాస ప్రార్థనలు చేస్తాం. కానీ మీలాంటోళ్లని చెయ్యనివ్వం."

"మీ దేవుడికి కూడా చెప్పండి డేనియల్ గారూ. ఒక్క పూట మంచు కురిస్తే చాలు."

డేనియల్ నవ్వబోయి మానేశాడు. అరుగు మీదికొచ్చాక జగన్నాథరావుతో గొంతు తగ్గించి అన్నాడు.

"రేపెల్లుండిలో తినకపోతే కాకినాడ తీసుకెళ్లిపోండి. బలవంతంగానైనా సరే. మనిషి తేలిపోతన్నారు."

పక్కింటి సత్యవాణి కొబ్బరి బోండాలు పట్టుకొచ్చింది. "మా అత్తగారు కూడా దీపం పెడుతున్నారండి మంచు కోసం," అంది. "మా మావిడి పూతకి కూడా చలి కావాలంట. మీ శ్యామలాంబగారి మొక్కు ఫలిస్తే వీధి వీధంతా బాగుపడతాం."

జగన్నాథరావు "ఆయ్" అన్నాడు. ఆవిడ చెప్పింది ఆయన చెవికెక్కినట్టు లేదు.

*

మర్నాడు పొద్దున ఎండ వచ్చేసినా జగన్నాథరావు ఇంటికి రాలేదు. సాయిదుర్గ ఫ్లాస్కులో కాఫీ పోసుకుని చేనికి బయల్దేరింది.

చెరువు గట్ల మీదుగా దారి. ఇటూ అటూ నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. చేని పక్కనున్న పల్లంరాజు చెరువులో ఈ మధ్యే రొయ్య పట్టేశారు. ఉప్పుటేటి నుంచి తోడి పోసిన ఆ నీళ్లు వదిలేశాక అడుగున నల్లటి బురద మిగిలి కంపు కొడుతోంది.

జగన్నాథరావు చేని మధ్యలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక్కో మినుపాకునీ అరచేత్తో నిమిరి, చేయి చూసుకుంటున్నాడు. తడి కోసం.

"మావయ్య గారూ, కాఫీ."

"ఇక్కడ పర్వాలేదమ్మాయ్," అన్నాడాయన తలెత్తకుండా. "వాడింది గానీ చావలేదు. ఒక్క వారం మంచు పడితే లేచి కూర్చుంటుంది. తూర్పు పక్కే బాగా దెబ్బతింది. పసుపచ్చగా అయిపోయినట్టుంది, చూడు. నా కంటికి సరిగా ఆనడం లేదు."

సాయిదుర్గ తూర్పు గట్టు వైపు నడిచింది.

దగ్గరికి వెళ్లేసరికి ఆమె నడక మందగించింది. ఆకులు వాడిపోలేదు. అంచుల చుట్టూ ఎర్రగా మాడిపోయాయి. మొక్కల మొదళ్లలో నేల తెల్లగా, పిండి చల్లినట్టు ఉంది.

ఆమె పుట్టిల్లు సముద్రపు ఒడ్డున. ఉప్పెన నీళ్లు ఎక్కిపోయిన చేలు ఎలా ఉంటాయో చిన్నప్పుడే చూసింది. వంగి, చిటికెడు మట్టి తీసి నాలుక చివర పెట్టుకుంది. తుపుక్కున ఊసేసింది.

ఉప్పు.

గట్టు వెంట నాలుగడుగులు వేసింది. ఒకచోట గట్టు మీద గడ్డి లేదు. మనిషి వెడల్పున కొత్త మట్టి వేసి పారతో చదును చేశారు. ఆ పక్కనే చెరువు తూము. తూము దగ్గర్నుంచి ఆ కొత్త మట్టి దాకా నీళ్లు పారిన జాడ ఇంకా చెరిగిపోలేదు. ఆ జాడ ఇటువైపు చేలోకి దిగి, పల్లమున్నంత మేరా పాకింది. చేను సగానికి పైగా పల్లమే.

"ఎలా ఉందమ్మాయ్?" అని కేకేశాడు జగన్నాథరావు.

సాయిదుర్గ వెనక్కి తిరిగింది. ఆయన కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని తన వైపే చూస్తున్నాడు.

"మంచు లేకేనండి," అంది.

*

హరిబాబు పెరట్లో బోరింగు దగ్గర బండి కడుగుతున్నాడు. సాయిదుర్గ వెళ్లి అతని ఎదురుగా నిలబడింది.

"తూర్పు గట్టు మీద కొత్త మట్టి ఎవరు వేశారు?"

అతని చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"నువ్వెందుకెళ్లావు చేనికి?"

"ఎవరు వేశారండీ?"

హరిబాబు వంటింటి కిటికీ వైపు చూశాడు. తల్లి లోపలి గదిలో పడుకుని ఉంది. అయినా గొంతు తగ్గించాడు.

"నేనే."

"గండి కొట్టింది?"

"నేనే."

సాయిదుర్గ బోరింగు గట్టు మీద కూర్చుంది. పల్లంరాజు మనుషులెవరో చేసి ఉంటారనీ, భర్తకి తెలిసి ఊరుకున్నాడనీ మాత్రమే ఆమె దారి పొడుగునా అనుకుంటూ వచ్చింది.

"ఆ సాయంత్రం పల్లంరాజుగారు చెరువు నీళ్లు వదులుతున్నారు," అన్నాడు హరిబాబు. "పార ఇంటినుంచే పట్టుకెళ్లాను. మినుము అప్పటికే వాడుతోంది. ఎలాగూ పోతుంది, ఎన్నాళ్లీ ఎదురుచూపులు అనుకున్నాను. కాసేపు తెరిచి మళ్లీ పూడ్చేశాను. పంట పోతే నాన్న మాట మీద నిలబడతారు. ఆయన అలాంటి మనిషి."

"అలాంటి మనిషని తెలిసే చేశారన్నమాట."

"చుట్టూ చెరువులే దుర్గా. ఏటేటా ఊట ఉప్పెక్కుతోంది. మన బోరింగు నీళ్లు నోట్లో పెట్టుకోగలుగుతున్నామా? ఇవాళ కాకపోతే నాలుగేళ్లకి ఆ చేను దానంతటదే చచ్చిపోతుంది. నేను తొందరపడ్డాను. అంతే."

"దీన్ని తొందరపడ్డం అంటారా?"

అతను తడిగుడ్డ పిండాడు. అందులో నీళ్లు అయిపోయినా పిండుతూనే ఉన్నాడు.

"మర్నాడు పొద్దున్నే అమ్మ తడిచీరతో దేవుడి ముందు నిలబడి మొక్కుకుంది. నేను గుమ్మంలోనే ఉన్నాను. ఆపి చెప్పేద్దామనుకున్నాను. నోరు పెగల్లేదు. రెండ్రోజుల్లో మంచు పడుతుంది, తినేస్తుంది, తర్వాత చూసుకుందాం అనుకున్నాను." అతని కళ్లు ఎర్రబడ్డాయి. "మంచు కురవాలని నాకంటే ఎక్కువ మొక్కినోడు ఈ ఊళ్లో లేడు దుర్గా."

"వెళ్లి చెప్పెయ్యండి. ఇప్పుడే."

"చెప్తే తింటుందా?"

సాయిదుర్గ వంటింటి కిటికీ వైపు చూసింది.

"చేను పోయిందని తెలిస్తే ఇంక మంచెందుకు, తిండెందుకు అని పూర్తిగా మానేస్తే? అప్పుడేం చెయ్యమంటావు?"

చెరువులైతే మాత్రం ఏం పోయింది, ఎండలో ఈ చాకిరీ తప్పుతుంది కదా అని దసరా రోజుల్లో సాయిదుర్గ కూడా అతనితో అంది. ఆ మాట ఇప్పుడు గుర్తొచ్చి గుండెల్లో గుచ్చుకుంది.

*

ఆ మధ్యాహ్నం శ్యామలాంబ మజ్జిగ కూడా వద్దంది. సాయిదుర్గ మంచం మీద కూర్చుని ఆవిడ కాళ్లు ఒళ్లో పెట్టుకుని ఒత్తుతోంది. పిక్కల్లో కండ లేదు. చర్మం వేళ్ల కింద జారుతోంది.

"అత్తయ్యా, ఒకటడుగుతాను. కోపం తెచ్చుకోకండి. చెరువు చేసినా భూమి మనదేగా. మన పేరునే ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చుకునేంత ఏముంది అందులో?"

శ్యామలాంబ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందేమో అనుకుంది సాయిదుర్గ.

"హరి కంటే ముందు నాకొక పిల్ల పుట్టింది. నీకు తెలుసుగా."

"తెలుసండి. జ్వరమొచ్చి పోయిందని చెప్పారు."

"వెంకటదుర్గ దాని పేరు. మూడో ఏడు నడుస్తోంది. వానల్లో పోయింది." ఆవిడ చూపు పైన తిరుగుతున్న ఫ్యాను మీద ఉంది. "అంత చిన్నపిల్లల్ని కాల్చరు కదా. మీ మావయ్యగారు చేతుల మీద ఎత్తుకెళ్లి చేలోనే పెట్టారు. తూర్పు గట్టు మూల."

సాయిదుర్గ చేతులు ఆగిపోయాయి.

"హరి పుట్టాక వాడికి చెప్పలేదు. తెలిస్తే భయపడి చేని వైపు రాడేమోనని. దాన్ని గోదాట్లో కలిపేశామని చెప్పాం. పెద్దయ్యాక చెబుదామనుకున్నాం. నోటికి రాలేదు. మీ మావయ్యగారూ నేనూ కూడా దాని మాట ఎత్తుకోం. కలుపు తీయడానికి వెళ్లినప్పుడు ఆ మూల కాసేపు కూర్చుని వస్తాను, అంతే. పేరులో దుర్గ ఉందనే నీ సంబంధం ఖాయం చెయ్యమన్నాను, తెలుసా?"

"తెలీదండి," అంది సాయిదుర్గ.

"చెరువంటే పొక్లెయిన్ దింపుతారు. మట్టి పెళ్లగించి గట్టు మీద పోస్తారు. దాన్ని అలా పెళ్లగిస్తుంటే నేను బతికుండి చూడలేను. మినుము పండితే హరి చెరువు మాట ఎత్తడు. వాడు మాట తప్పడు. మంచొక్కటీ పడితే చాలు. నాకు ఇంకేమీ అక్కర్లేదు."

సాయిదుర్గ తల వంచుకుని మళ్లీ కాళ్లు ఒత్తసాగింది. కన్నీళ్లు ఆవిడ పాదాల మీద పడకుండా భుజంతో మొహం తుడుచుకుంది.

సాయంత్రం హరిబాబు ఇంటికి రాగానే వీధి అరుగు మీదే ఆపి, తను విన్నదంతా చెప్పింది. చుట్టూ తిప్పలేదు, తగ్గించలేదు.

అతను మొదట నమ్మలేదు.

"గోదాట్లో కలిపామన్నారుగా..."

"మీరు భయపడతారని అలా చెప్పారంట."

"ఏ మూలన్నావు?"

"తూర్పు గట్టు మూల."

హరిబాబు రెండు చేతులూ చాపి అరచేతులు చూసుకున్నాడు. తర్వాత వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. వీధిలో ఎవరో పలకరిస్తూ వెళ్లారు. అతను తలెత్తలేదు.

"పొద్దున్నే చెప్పేస్తాను," అన్నాడు. "ఇద్దరికీ చెప్పేస్తాను. ఏమైతే అదవుతుంది. తినకపోతే ఎత్తుకుని కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లిపోతాను."



*

సాయిదుర్గకి మెలకువ వచ్చేసరికి కిటికీలోంచి వెలుతురు రావడం లేదు. తెల్లారలేదేమో అనుకుంది. కానీ గుడి మైకు వినిపిస్తోంది, పాలవాడి సైకిలు గంట కూడా వినిపించింది. లేచి తలుపు తీసింది.

ఎదురిల్లు లేదు. కరెంటు స్తంభం లేదు. వీధి ఉండాల్సిన చోట తెల్లటి పొగ కదులుతోంది. చలి మొహానికి కొట్టింది. చూరు పెంకుల మీంచి బొట్లు టప్పుటప్పుమని అరుగు మీద పడుతున్నాయి.

"అత్తయ్యా!" అని అరిచింది, ఏమి అరుస్తున్నదో తనకే తెలియకుండా.

శ్యామలాంబ అప్పటికే గోడ పట్టుకుని నడిచి వస్తోంది. నిన్నంతా మంచం దిగని మనిషి. గడప దాటి, తులసికోట మీద చేతులు వేసి, ఆకుల్ని దోసిట్లోకి దువ్వింది. చేతులు తడిశాయి. ఆ తడి మొహానికి రాసుకుంది, కళ్లకి అద్దుకుంది. మళ్లీ దువ్వింది.

"కురిసింది దుర్గా," అంది. "స్వామి విన్నాడు. ఆ కాశ్మీరు వాళ్లకి కూడా కురిసే ఉంటుంది."

పక్కింట్లోంచి సత్యవాణి గొంతు, ఎదురింట్లోంచి ఇంకెవరివో గొంతులు. వీధంతా మనుషులు బయటికొచ్చి ఒకరికొకరు కనపడకుండానే మాట్లాడుకుంటున్నారు.

సాయిదుర్గ వెనక్కి తిరిగి చూసింది. హరిబాబు నడవలో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయింది.

"నాన్నేరి?" అన్నాడు.

"ఈ మంచు చూసి ఇంట్లో ఉంటారా? చీకట్లోనే లేచి వెళ్లిపోయారు," అంది శ్యామలాంబ. ఆవిడ గొంతులో నవ్వుంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో. "దుర్గా, కాస్త వేణ్నీళ్లు పెట్టు. స్నానం చేసి దీపం పెట్టుకుని తింటాను. అన్నం వార్చు. జావ గీవ వద్దు, అన్నమే పెట్టు. హరీ, నువ్వెక్కడికీ వెళ్లకు. తిన్నాక నన్ను బండి మీద చేనికి తీసుకెళ్లు. మెల్లిగా తీసుకెళ్లు. తూర్పు గట్టు దాకా వెళ్దాం. అక్కడ నీకొకటి చెప్పాలి."

హరిబాబు ఒకడుగు ముందుకేశాడు. "అమ్మా..."

సాయిదుర్గ అతని మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. అతను ఆగిపోయాడు.

అన్నం ఉడికేదాకా ఇంట్లో ముగ్గురిలో ఒక్క శ్యామలాంబే మాట్లాడింది. దీపం పెట్టుకుంది. కంచం ముందు కూర్చుంది. సాయిదుర్గ మెత్తటి అన్నంలో పెసరకట్టు పోసి, నెయ్యి వేసి కలిపింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆవిడ కళ్లు మూసుకుంది. నమలడానికి దవడలు సహకరించడం లేదు. నెమ్మదిగా మింగింది. రెండో ముద్ద తనే కలుపుకుంది.

అప్పుడు పెరటి తలుపు తెరుచుకుంది.

జగన్నాథరావు తడిసి ముద్దయి వచ్చాడు. కాళ్లు కడుక్కోలేదు. బురద పాదాలతోనే వచ్చి, వంటింట్లోంచి కనపడకుండా పెరటి గుమ్మానికి ఇవతల ఆగాడు. చేతిలో వేళ్లతో సహా పీకిన ఒక మినుపమొక్క ఉంది.

చప్పుడు విని ఎదురొచ్చాడు కొడుకు. కొడుకు వెనక కోడలు.

ఆయన మొక్కని హరిబాబు చేతిలో పెట్టాడు. గొంతు బయటికి రాకుండా అన్నాడు.

"పడమటి పక్క నడిచినంత సేపూ ప్రాణం లేచొచ్చిందిరా. తూర్పుకి వెళ్లేసరికి కాలి పగుళ్లు భగ్గుమన్నాయి. మంచులో కరిగిన ఉప్పు. వంగి నోట్లో పెట్టుకు చూశాను. గట్టంతా తడుముకుంటూ వెళ్లాను. చేతికి కొత్త మట్టి తగిలింది."

హరిబాబు ఆ మొక్క పట్టుకుని నిలబడ్డాడు. దాని వేళ్లకి అంటిన మట్టి రాలుతోంది.

"పల్లంరాజు మనిషి అటుగా వచ్చాడు. ఎవరు చేశార్రా అనడిగాను. మీకు తెలీదా అండి అన్నాడు."

"నాన్నా..."

"ష్."

లోపలినుంచి శ్యామలాంబ గొంతు వినిపించింది. "ఏవండీ, వచ్చారా? ఎలా ఉంది మన చేను? లేచి నిలబడిందా?"

చూరు మీంచి మంచు బొట్లు పడుతూనే ఉన్నాయి.

జగన్నాథరావు కండువాతో మొహం గట్టిగా తుడుచుకున్నాడు. కొడుకు కళ్లలోకి సూటిగా చూశాడు.

"ఆవిణ్ణి కడుపు నిండా తిననీ," అన్నాడు. "తర్వాత చేనికి నువ్వే తీసుకెళ్లాలి. నేను రాను."

తర్వాత గుమ్మంలోంచి లోపలికి తొంగి చూసి, భార్యకి వినపడేలా గొంతు పెంచాడు.

"బాగుందే! ఆకాకునా మంచే! నువ్వు తిను!"

"దుర్గా," అని పిలిచింది శ్యామలాంబ. "ఇంకాస్త అన్నం పట్టుకురా."

సాయిదుర్గ గిన్నె అందుకుని లోపలికి నడిచింది.